కేబ్రుఖ్‌తో ఆరో తరగతి భిన్నాలు: కోనసీమలోని ఒక బడి కేస్ స్టడీ

భిన్నాలు సాధన చేయించడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా అని తోటి లెక్కల ఉపాధ్యాయులు తరచూ అడుగుతుంటారు. ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, ఏనాటిదో పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. దాని పేరు కేబ్రుఖ్ (KBruch). మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతికి ఒక విద్యాసంవత్సరం పాటు దీన్ని వాడాం. ఆ ఏడాది నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: సాధన సాఫ్ట్‌వేర్ తెరమీద చూపే మార్కుల సంఖ్యను నమ్మకూడదు, అది బయటపెట్టే తప్పు జవాబులను మాత్రం ఒక్కటీ వదలకుండా చదవాలి. ఎలా చదివామో, దాంతో ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను.

మా ఊరు గోదావరి పాయలైన వశిష్ఠకూ వైనతేయకూ మధ్య ఉంది. పిల్లల్లో ఎక్కువమంది కౌలు రైతుల, కొబ్బరి దింపు కార్మికుల, రొయ్యల చెరువుల మీద పనిచేసేవారి బిడ్డలు. కొందరు లంకల నుంచి పంటు మీద రేవు దాటి వస్తారు. తల్లో తండ్రో గల్ఫ్ దేశాల్లో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నవాళ్ళూ ఉన్నారు. బడిలో కంప్యూటర్ గది ఉంది. అన్ని యంత్రాలూ పనిచేయవు కాబట్టి ఇద్దరికి ఒకటి చొప్పున సర్దుకున్నాం.

జూన్‌లో బడి తెరిచాక, కంప్యూటర్ చూపించకముందే పిల్లలకు ఒక చిన్న ప్రశ్నపత్రం ఇచ్చాను. బొమ్మలో రంగు వేసిన భాగం ఎంతో రాయమంటే దాదాపు అందరూ రాశారు. వృత్తాన్ని నాలుగు ముక్కలు చేసి మూడింటికి రంగు వేస్తే 3/4 అని చెప్పడం ప్రాథమిక పాఠశాలలోనే వచ్చేసింది. 1/2 + 1/3 ఎంత అంటే మాత్రం చాలామంది 2/5 అని రాశారు. 1/6, 1/8లలో ఏది పెద్దది అంటే 1/8 అన్నారు. రెండు తప్పులకూ మూలం ఒకటే. పిల్లలకు భిన్నం ఒక సంఖ్యగా కనిపించడం లేదు. గీతకు పైన ఒక సంఖ్య, కింద ఇంకొక సంఖ్య కనిపిస్తున్నాయి. వాటిని విడివిడిగా కూడుతున్నారు, విడివిడిగా పోలుస్తున్నారు.

ఇది పల్లె బడులకే ఉన్న జబ్బు అనుకోకూడదు. 1978లో అమెరికాలో జరిగిన జాతీయ విద్యా మదింపులో 13 ఏళ్ళ పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు: 12/13 + 7/8 విలువ 1, 2, 19, 21లలో దేనికి దగ్గరగా ఉంటుంది? 2 అని సరిగా చెప్పినవారు 24 శాతమే. 19 అనీ 21 అనీ రాసినవారు కలిపి సగానికి మించిపోయారు. అంటే లవాలు (గీతకు పైనున్నవి) కూడినవారు కొందరు, హారాలు (కిందున్నవి) కూడినవారు కొందరు. నేనూ ఇదే ప్రశ్న మా పిల్లలకిచ్చాను. 19 అన్నవారే ఎక్కువ. 12/13 దాదాపు ఒకటి, 7/8 దాదాపు ఒకటి, రెండూ కలిస్తే దాదాపు రెండు. దీనికి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అక్కర్లేదు, హారాలు సమానం చేయనక్కర్లేదు, కలం కూడా అక్కర్లేదు. ఈ అంచనా వేయడం రాని పిల్లవాడితో వంద కూడికలు చేయించినా అవి చేతిపనిగానే మిగిలిపోతాయి.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం విద్యార్థుల కోసం తయారుచేసిన ప్రోగ్రాములలో కేబ్రుఖ్ ఒకటి. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఉన్న కంప్యూటర్‌లో సులువుగా పెట్టుకోవచ్చు. బొమ్మలు గెంతడం, చప్పట్లు మోగడం వంటి హంగులేమీ లేవు. ఒక లెక్క ఇస్తుంది. లవం, హారం గళ్ళలో జవాబు టైపు చేసి, సరిచూసే బటన్ నొక్కితే తప్పో ఒప్పో చెప్పి సరైన జవాబు చూపిస్తుంది. నాలుగు పరిక్రియల లెక్కలు ఒక అభ్యాసం. రెండు భిన్నాలను పోల్చి >, <, = గుర్తుల్లో ఒకటి ఎంచుకోవడం మరొకటి. దశాంశాలను భిన్నాలుగా మార్చడం, మిశ్రమ భిన్నాలు, ప్రధాన కారణాంకాలు, శాతాలు మిగతావి. లెక్కలో ఎన్ని భిన్నాలుండాలి, హారం ఎంతవరకు పెరగవచ్చు, ఏయే పరిక్రియలు రావాలి అన్నవి మనమే నిర్ణయించుకోవచ్చు. ఇదే దీనిలో నాకు బాగా నచ్చిన సుగుణం. తెరమీద మాటలు ఇంగ్లీషులో వచ్చినా పిల్లలు చదవాల్సినవి నాలుగైదే కనుక అది అడ్డు కాలేదు.

ఎన్ని లెక్కలు చేశారు, ఎన్ని సరైనవి, ఎన్ని తప్పులు అన్న లెక్క మాత్రమే అది చూపిస్తుంది. ఎవరు ఏ లెక్క తప్పారు, ఏం రాసి తప్పారు అన్నది చెప్పదు. ఉపాధ్యాయుడికి కావలసినదంతా అది చెప్పని ఆ సంగతుల్లోనే ఉంది. అందుకని ప్రతి జంటకూ ఒక నోటు పుస్తకం పెట్టాం. ఒకరు కీబోర్డు దగ్గర, ఒకరు పుస్తకం దగ్గర. కొన్ని లెక్కలయ్యాక స్థానాలు మారతారు. పుస్తకంలో నాలుగు గళ్ళు: లెక్క, అంచనా, మేము టైపు చేసినది, యంత్రం చూపినది. అంచనా గడి నింపకుండా కీబోర్డు ముట్టుకోకూడదు. అంచనా అంటే సంఖ్య రాయనక్కర్లేదు. ‘అరకన్నా తక్కువ’, ‘అరకూ ఒకటికీ మధ్య’, ‘ఒకటికన్నా ఎక్కువ’, ఈ మూడింటిలో ఒకటి రాస్తే చాలు.

మొదటి వారంలోనే కొన్ని జంటలు యంత్రం జవాబు చూపించాక అంచనా గడి నింపడం మొదలుపెట్టాయి. అన్ని అంచనాలూ సరిపోతున్నాయంటే ఎక్కడో ఏదో జరుగుతోందని తెలిసిపోతుంది. అప్పటి నుంచి అంచనా పెన్నుతో, మిగతావి పెన్సిల్‌తో రాయించాను. తప్పు అంచనాకు మార్కులు పోవని, పైగా తప్పిన అంచనా గురించే మనం ముందుగా మాట్లాడుకుంటామని పదేపదే చెప్పాల్సి వచ్చింది. ఈ మాట పిల్లలు నమ్మడానికి చాలా రోజులు పట్టింది. తప్పును దాచుకోవాలన్న అలవాటు మనం ఒకటో తరగతి నుంచీ నేర్పినదే కదా.

కూడికల దగ్గర ఒక అమ్మాయితో జరిగిన సంభాషణను ఇక్కడ పూర్తిగా రాయాలి. తెరమీద 1/2 + 1/3. ఆమె 2/5 టైపు చేసింది. యంత్రం తప్పంది. నేను వెనక నిలబడి ఉన్నాను.

“రెండు భిన్నాలు కలిపావు కదమ్మా, జవాబు మొదటిదానికన్నా పెరగాలా, తగ్గాలా?”

“పెరగాలండి.”

“మరి 2/5 పెరిగిందా?”

“పెరిగిందండి మాస్టారూ. ఒకటి పోయి రెండు వచ్చింది, రెండు పోయి అయిదు వచ్చింది.”

ఆమె తర్కంలో లోపం లేదు. పైనా కిందా వేర్వేరు సంఖ్యలైతే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అందుకే “తప్పు, క.సా.గు. తీసుకో” అని చెప్పి ముందుకు పోలేదు.

“అర ఎకరమంటే ఎన్ని సెంట్లు?”

“యాభై.”

“ఎకరంలో అయిదింట రెండు వంతులంటే?”

వందను అయిదుతో భాగించి, ఇరవై రెళ్ళు నలభై అని పుస్తకంలో వేసింది. ఆ నలభై వైపు చూసింది, తెర వైపు చూసింది. “యాభై సెంట్లకు ఇంకా కలిపితే నలభై ఎలా అవుతుందండీ?” అని నన్నే అడిగింది. అది నేను అడగాల్సిన ప్రశ్న. తన నోటి నుంచి వచ్చింది కాబట్టి ఇక నేను చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఎకరంలో మూడో వంతు 33 సెంట్ల పైచిలుకు, యాభైకి కలిపితే 83 పైచిలుకు అని జంటలోని రెండో పిల్ల లెక్క కట్టింది. యంత్రం చూపిన జవాబు 5/6. ఎకరంలో ఆరో వంతు 16 సెంట్ల పైచిలుకు కదా, అయిదు సార్లు వేసి చూసుకున్నారు. 83 దాటింది. హారాలు 6కు ఎందుకు మార్చాలో ఆ రోజే ఇద్దరికీ చెప్పగలిగాను. అరలో మూడు ఆరో వంతులు, మూడో వంతులో రెండు ఆరో వంతులు. ఒకే కొలతలోకి తెచ్చాకే కూడాలి.

ఎకరం, సెంట్లు ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. వృత్తాల బొమ్మలు కూడిక దగ్గర పిల్లలను పక్కదారి పట్టిస్తాయి. రెండు ముక్కల వృత్తంలో ఒకటి, మూడు ముక్కల వృత్తంలో ఒకటి రంగు వేసి పక్కపక్కన పెడితే మొత్తం అయిదు ముక్కల్లో రెండింటికి రంగు ఉంటుంది. అంటే బొమ్మే 2/5ను బలపరుస్తోంది! ఎకరం దగ్గర అలా జరగదు. పూర్ణం ఏదో ముందే తెలుసు, దాన్ని ఎవరూ మార్చలేరు. పొలం లేని ఇంటి పిల్లలకు కూడా ఇళ్ళ స్థలాల వల్ల సెంట్లు తెలుసు. 1/4 అంటే 25, 1/5 అంటే 20, 3/4 అంటే 75 అని నోటికి వచ్చేస్తాయి. మూడో వంతు దగ్గర సెంట్లు సమంగా తెగకపోవడం కూడా మంచిదే అయింది. భిన్నం ఎందుకు అవసరమో పిల్లలకు అక్కడ అర్థమైంది. ‘33 సెంట్లు, ఇంకా కొంచెం’ అని రాయడానికి బదులు 1/3 అని రాస్తే ఖచ్చితం.

కూడికలకు ముందు పోలిక అభ్యాసంతో మొదలుపెట్టాం. నా ఉద్దేశంలో క్రమం ఇలాగే ఉండాలి. భిన్నం ఎంత పెద్దదో తెలియనివాడికి రెండు భిన్నాలు కలిపితే ఏమవుతుందో తెలిసే దారి లేదు. పోలిక అభ్యాసంలో ఒక ప్రమాదం ఉంది. ఉన్నవి మూడే గుర్తులు, వాటిలో సమానం అరుదుగా వస్తుంది. కళ్ళు మూసుకుని ఆ మిగతా రెండింటిలో ఒకటి నొక్కినా దాదాపు సగం ఒప్పే అవుతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం తప్పు సూత్రంతో ఒప్పు జవాబు రావడం. ఒక అబ్బాయికి పోలికల్లో తప్పులు చాలా తక్కువ. 7/8, 5/6లలో 7/8 పెద్దదన్నాడు, ఒప్పు. 3/4, 2/3లలో 3/4 అన్నాడు, ఒప్పు. 4/5, 1/3లలో 4/5 అన్నాడు, అదీ ఒప్పే. ఎలా చెబుతున్నావురా అంటే “అంకెలు పెద్దవండి” అన్నాడు. నేను కాగితం మీద 2/3, 5/12 రాసి ఇచ్చాను. సందేహం లేకుండా 5/12 పెద్దదన్నాడు. పన్నెండులో సగం ఆరు కదా, అయిదు సగానికి చేరలేదు కదా అని చూపిస్తే నిజంగా ఆశ్చర్యపోయాడు. అప్పటిదాకా యంత్రం తన సూత్రాన్ని మెచ్చుకుంటూ వచ్చింది మరి.

ఇంకొక అమ్మాయి 5/6, 7/8 సమానమంది. రెండింటికీ ఒక్కటే తక్కువ అన్నది ఆమె వాదం. “ఒక్కటి ఏమిటి?” అని అడిగితే ఆగి, ఒకదానికి ఆరో వంతు తక్కువ, ఇంకొకదానికి ఎనిమిదో వంతు తక్కువ అని తనే దిద్దుకుంది. ఈమె దారి మంచిది, కొంచెం సరిచేస్తే చాలు. అబ్బాయి దారి పూర్తిగా మార్చాల్సినది. తెరమీద ఈ ఇద్దరూ ఒకే రకంగా కనిపిస్తారు. పైగా అబ్బాయే ముందుంటాడు.

ఈ సమస్య కంప్యూటర్లతో పుట్టింది కూడా కాదు. 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు బెన్నీ అనే 12 ఏళ్ళ అబ్బాయి గురించి రాశాడు. అక్కడ పిల్లలు ఎవరి వేగంతో వారు పాఠాలు చదువుకుంటూ, పరీక్షలు రాస్తూ ముందుకు పోయే పద్ధతి. జవాబులు సరిచూడటానికి ఒక పట్టీ. బెన్నీ చురుకైనవాడని పేరు. కూర్చోబెట్టి అడిగితే 2/10ని దశాంశంలో 1.2 అని, 5/10ని 1.5 అని చెప్పాడు. లవాన్ని, హారాన్ని కూడి మధ్యలో చుక్క పెడుతున్నాడన్నమాట. జవాబుల పట్టీకి అతని ఆలోచనతో పని లేదు, ఎవరూ అడగలేదు. సాధన సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి ఉపాధ్యాయుడూ ఈ అబ్బాయిని గుర్తుపెట్టుకోవాలని కోరుకుంటాను. వారానికి ఒక్కసారైనా ప్రతి జంటను “ఎలా చెప్పావు?” అని అడగడం మేము మానలేదు.

కేబ్రుఖ్‌లో ఒక అమరిక గురించి హెచ్చరించాలి. జవాబు కనిష్ఠ రూపంలోనే ఉండాలన్న నిబంధన పెట్టవచ్చు, తీసేయవచ్చు. అది పెట్టి ఉంటే 1/8 + 5/8కు 6/8 అని రాసినవారికి, ఫలితం సరైనదే కానీ కనిష్ఠ రూపంలో లేదు, కనుక ఈ లెక్కను ఒప్పుగా పరిగణించం అని సందేశం వస్తుంది. పిల్లలు ఎక్కడో నొక్కడం వల్ల ఒక కంప్యూటర్‌లో ఆ నిబంధన అమల్లోకి వచ్చింది. ఆ జంట తమ పుస్తకంలో 6/8ని అడ్డంగా కొట్టేసి, పక్కన 3/4 రాసుకుంది. రెండూ ఒకటేనా అని అడిగితే “కాదండి, 6/8 తప్పండి” అన్నారు. ఎకరంలో 6/8 అంటే 75 సెంట్లు, 3/4 అంటే 75 సెంట్లు అని వేసి చూసుకున్నాక గానీ కొట్టేసిన గీతను చెరపలేదు. సమాన భిన్నాలు గట్టిపడేదాకా ఈ నిబంధన తీసేసి ఉంచడం మంచిది. తర్వాత పెడితే దాని ప్రయోజనం దానికి ఉంది.

కారణాంకాల అభ్యాసం క.సా.గు.కు బాగా తోడ్పడింది. హారాలు రెండూ గుణించేసే అలవాటున్న పిల్లలు 5/12 + 7/18 లెక్కలో 216 హారంగా తీసుకుని, 174/216 దగ్గర అలసిపోయేవారు. 12లో, 18లో ఏయే ప్రధాన కారణాంకాలున్నాయో యంత్రం ముందే రాయించింది కాబట్టి 36 చాలని వారికి కనిపించింది. 15/36, 14/36 కలిపి 29/36. అంచనా గడిలో అంతకుముందే ‘అరకూ ఒకటికీ మధ్య’ అని ఉంది, ఎందుకంటే రెండూ సగానికి కాస్త తక్కువ.

గుణకారం మొదలుపెట్టినప్పుడు నేను ఎదురుచూడనిది ఒకటి జరిగింది. గుణకారం పిల్లలకు అతి తేలిక. పైవి పైవి, కిందవి కిందవి గుణిస్తే చాలు, తెరమీద ఒప్పుల వరద. మర్నాడు కూడికల్లో 2/5 మళ్ళీ తల ఎత్తింది. గుణకారంలో చెల్లే పద్ధతి కూడికలోకి పాకిందన్నమాట. అప్పటి నుంచి రెండు పరిక్రియలూ కలిసి వచ్చేలా అమర్చాను. ప్రతి లెక్కలో ముందు గుర్తు చూడాలి, జవాబు మొదటి భిన్నంకన్నా పెరుగుతుందా తగ్గుతుందా అని అంచనా గడిలో రాయాలి. గుణిస్తే పెరగాలి కదా అన్న నమ్మకం దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. 1/2 × 1/3 అంటే మూడో వంతులో సగం. వెయ్యి కాయల్లో మూడు అయిదో వంతులు ఎన్ని అంటే 600 అని దింపు కార్మికుడి కొడుకు ఠక్కున చెప్పాడు. వెయ్యి కాయల లెక్క అతనికి ఇంట్లో రోజూ వినిపించేదే.

సాఫ్ట్‌వేర్ లెక్కలన్నీ ఉత్త సంఖ్యలే కనుక మాటల లెక్కలు నేనే రాసి ఇచ్చాను. దాళ్వాలో (రెండో పంటకు) కాలువ నీరు తగ్గినప్పుడు వంతులవారీగా ఇస్తారు కదా. ఒక రైతు చేను మొదటి వంతులో 2/3 భాగం తడిసింది, రెండో వంతులో ఇంకా 1/4 భాగం తడిసింది. చేను మొత్తం తడిసినట్టేనా? ముందు అంచనా రాయమంటే తరగతి రెండుగా చీలిపోయింది. జవాబు 11/12 వచ్చాక, శివారు భూముల రైతు కొడుకు ఒకడు “పన్నెండో వంతు ఎండిపోతుందండి, ఎకరానికి ఎనిమిది సెంట్ల పైమాటే” అన్నాడు. మిగతావాళ్ళకు అది లెక్క, అతనికి అది వాళ్ళ చేను.

జులై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే లంక పిల్లలు రాలేరు. పాఠం మధ్యలో తెగిపోతుంది. కేబ్రుఖ్ ఎవరి పాఠాన్నీ వారి కోసం ఆపి ఉంచదు. ఇక్కడ కూడా నోటు పుస్తకమే ఆదుకుంది. తిరిగి వచ్చిన పిల్లకు జంటలోని స్నేహితురాలు తప్పు లెక్కలు ఒక్కొక్కటీ చూపించి, ఎక్కడ ఎందుకు పోయిందో చెప్పేది. తన తప్పును ఇంకొకరికి వివరించగలిగిన పిల్ల ఆ తప్పు మళ్ళీ చేయడం నేను దాదాపు చూడలేదు.

సంక్రాంతి సెలవులకు ముందు జూన్‌నాటి ప్రశ్నపత్రమే మళ్ళీ ఇచ్చాను. 2/5 పూర్తిగా పోలేదు, కానీ రాసినవారిలో కొందరు తామే కొట్టేసి పక్కన మళ్ళీ చేశారు. 12/13 + 7/8కు ఎక్కువమంది 2 అన్నారు. వారిలో అందరూ ఖచ్చితమైన జవాబు 187/104 దాకా వెళ్ళలేకపోయారు. అయినా నాకు సంతోషమే. వేగం మాత్రం పెద్దగా పెరగలేదు. అంచనా రాయాలి, కారణం చెప్పాలి అంటే ఒక పీరియడ్‌లో చేసే లెక్కల సంఖ్య తగ్గుతుంది. ఆ మేరకు నష్టమే, దాన్ని నేను ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నాను.

ఈ పద్ధతి కొందరికి సాయపడలేదు. ఎక్కాలు రాని పిల్లల అంచనాలు సరిగ్గానే ఉండేవి, లెక్క దగ్గరికి వచ్చేసరికి యంత్రం తప్పు తప్పు అనేది. అంచనా ఒప్పయిందని యంత్రానికి తెలియదు, చెప్పేవాడు పక్కన లేకపోతే ఆ పిల్లలు తమకు భిన్నాలు రావనే నిశ్చయానికి వస్తారు. వారి కంప్యూటర్లలో గరిష్ఠ హారాన్ని బాగా తగ్గించి, ఎక్కాలకు ఉదయం ప్రార్థనకు ముందు వేరుగా సమయం కేటాయించాం. ఒకరిద్దరు కోలుకున్నారు, మిగతావారికి ఇంకా పని ఉంది.

భాగహారాన్ని ఆరో తరగతిలో తాకలేదు. తిరగేసి గుణించమని యంత్రం ముందు కూర్చోబెడితే పిల్లలు చకచకా చేసేస్తారు, ఎందుకు తిరగేస్తున్నారో తెలియకుండా. ఏడో తరగతిలో ముప్పావు ఎకరంలో పావు ఎకరాల మడులు ఎన్ని పడతాయి అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, కొన్ని వారాలు కాగితం మీదే నడిపి, ఆ తర్వాతే కేబ్రుఖ్‌లో భాగహారం గుర్తు చేరుస్తాను. శాతాల అభ్యాసానికి అంత ఆగనక్కర్లేదు. ఎకరానికి వంద సెంట్లు తెలిసిన పిల్లలకు అందులో సగం పని ఇప్పటికే అయిపోయింది.